నొప్పి మాత్రల లెక్క: దీర్ఘకాలిక కీళ్ల, కండరాల నొప్పులకు వాపు తగ్గించే మందులు ఎవరికి, ఎంతకాలం?

దీర్ఘకాలంగా కీళ్ల నొప్పులతోనో కండరాల నొప్పులతోనో బాధపడేవారికి వాపు తగ్గించే నొప్పి మాత్రల గురించి రెండు రకాల సలహాలు వినిపిస్తుంటాయి. అవి మింగితే కిడ్నీలు పోతాయని భయపెట్టేది ఒకటి. ఏళ్ల తరబడి వాడుతున్నా తనకేమీ కాలేదు కాబట్టి నిశ్చింతగా వేసుకోమని చెప్పేది రెండోది. రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఎసిక్లోఫెనాక్, ఇండోమెథాసిన్, సెలెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్ వంటి ఎన్నో మందులున్న పెద్ద కుటుంబాన్ని ఈ సలహాలు ఒకే మాత్రగా చూస్తాయి. ఆ మాత్ర మింగే అందరి శరీరాలూ ఒకే తీరుగా ఉంటాయనీ, మోకాలి నొప్పి అయినా నడుము నొప్పి అయినా దాని పుట్టుక ఒకటేననీ అనుకుంటాయి.

'ఈ మందులు మంచివా, చెడ్డవా' అన్న ప్రశ్నకు అందువల్లనే జవాబు దొరకదు. జవాబు దొరికే ప్రశ్నలు వేరే ఉన్నాయి: ఈ నొప్పికి ఈ మందు పనిచేసే అవకాశం ఉందా, ఈ మనిషికి దీనివల్ల ఎదురయ్యే ప్రమాదం ఎంత, ఎంతకాలం వాడాక మళ్లీ ఆలోచించుకోవాలి? వీటిలో చివరిదాన్ని చాలామంది మరచిపోతారు. మాత్ర మొదలుపెట్టేటప్పుడు ఎవరో ఒకరిని అడిగే మనిషే, మూడో నెలలోనో మూడో ఏడులోనో దాన్ని కొనసాగించేటప్పుడు ఎవరినీ అడగడు. అప్పటికి అది మందుగా కాక దినచర్యగా మారిపోయి ఉంటుంది. మొదలుపెట్టే నిర్ణయం కంటే కొనసాగించే నిర్ణయానికే ఎక్కువ ఆలోచన అవసరమన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ప్రధాన విషయం.

మాత్ర శరీరంలో ఏం చేస్తుంది?

కణజాలం దెబ్బతిన్నప్పుడు కణాల పొరల్లో ఉండే ఒక కొవ్వు ఆమ్లం నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. ఇవి రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, ఆ చోట వాపును పెంచుతాయి, నొప్పిని మోసే నరాల చివర్లను మామూలుకంటే సున్నితంగా మారుస్తాయి; మామూలు రోజుల్లో గమనించని కదలిక కూడా అప్పుడు నొప్పిగా తెలియడానికి కారణం ఇదే. సైక్లో ఆక్సిజనేజ్, క్లుప్తంగా కాక్స్ అనే ఎంజైమ్ వీటి తయారీని నడుపుతుంది. ఆస్పిరిన్, ఆ కోవకు చెందిన ఇతర మందులు ఈ తయారీనే అడ్డుకుంటాయని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపించారు. ప్రోస్టాగ్లాండిన్ల పరిశోధనకు గాను ఆయనకు 1982లో స్వీడన్ శాస్త్రవేత్తలు సూనే బెర్గ్‌స్ట్రామ్, బెంగ్ట్ శామ్యూల్సన్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించింది. స్టెరాయిడ్లు కూడా వాపును తగ్గిస్తాయి కాబట్టి, వాటినుంచి వేరుచేసి చెప్పడానికి వైద్యులు వీటిని స్టెరాయిడ్ కాని మందులు, అంటే ఎన్‌ఎస్‌ఏఐడీలు అంటారు.

చిక్కు ఎక్కడుందంటే, ప్రోస్టాగ్లాండిన్లు నొప్పి కోసమే పుట్టినవి కావు. జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం కొరికివేయకుండా కాపాడేవి అవే, రక్తం తక్కువగా అందుతున్నప్పుడు మూత్రపిండాలకు ప్రవాహం నిలిచేలా చూసేవీ అవే. మోకాలి కోసం వేసుకున్న మాత్ర మోకాలికి మాత్రమే చేరదు. అది రక్తంలో కలిసి, కాక్స్ ఉన్న ప్రతిచోటా తన పని తాను చేస్తుంది. ఇంజెక్షన్‌గా తీసుకుంటే కడుపుకు హాని ఉండదనే నమ్మకం అందుకే సరికాదు. కడుపులో పుండు పడటానికి మాత్ర అక్కడ తగలడం కంటే, రక్తం ద్వారా చేరిన మందు ఆ పొర రక్షణను తీసివేయడమే ముఖ్య కారణం. భోజనం తర్వాత వేసుకుంటే వికారం, మంట తగ్గవచ్చు గానీ పుండ్లు రాకుండా అది కాపాడుతుందని అనుకోకూడదు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ మందులు రసాయనం తయారీని కొన్ని గంటలపాటు ఆపుతాయి, అంతే. ఇబుప్రొఫెన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 2 గంటలు పడుతుంది, నాప్రోక్సెన్‌కు 12 నుంచి 17 గంటలు, పిరాక్సికామ్‌కు సుమారు 50 గంటలు. మందు ప్రభావం తీరగానే తయారీ మళ్లీ మొదలవుతుంది. అరిగిన మృదులాస్థిని అది తిరిగి పుట్టించదు, బలహీనపడిన కండరాన్ని బలపరచదు.

మొదట తేల్చవలసింది నొప్పి పుట్టుక

వాపును తగ్గించే మందు ఎంత మేలు చేస్తుందన్నది, ఆ నొప్పిలో వాపు పాత్ర ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంత సులువైన సూత్రం ఆచరణలో ఎక్కువగా విస్మరణకు గురవుతుంది, ఎందుకంటే బయటినుంచి చూస్తే నొప్పులన్నీ ఒకేలా వినిపిస్తాయి.

ఒక కొసన యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉంది. ఎక్కువగా యువతీయువకుల్లో మొదలై, వెన్నెముకను, దాని అడుగున కటితో కలిసే కీళ్లను పట్టుకునే ఈ జబ్బులో నొప్పి విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. దీనికి ఎన్‌ఎస్‌ఏఐడీలే మొదటి వరుస చికిత్స. వాటికి నడుము నొప్పి బాగా లొంగడాన్ని వైద్యులు రోగనిర్ధారణకు ఒక ఆధారంగా కూడా లెక్కిస్తారు. ఇలాంటి రోగి 'రోజూ మాత్రలా' అనే భయంతో మానేసి బిగుసుకుపోయిన నడుముతో కదలకుండా కూర్చుంటే నష్టపోయేది ఆయనే. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో పరిస్థితి కాస్త వేరు. మాత్ర అక్కడా నొప్పిని, బిగుతును తగ్గిస్తుంది గానీ కీలు లోపల ఎముక కరిగిపోవడాన్ని ఆపదు. ఆపగలిగేవి మెథోట్రెక్సేట్ వంటి, జబ్బు గమనాన్నే మార్చే మందులు. అవి ఎంత తొందరగా మొదలైతే కీళ్లు అంతగా నిలుస్తాయి. చేతివేళ్ల కీళ్లు ఉబ్బి, ఉదయాన గంటసేపు పిడికిలి బిగించలేని మనిషి నొప్పి మాత్రతో రోజులు నెట్టుకొస్తున్నారంటే, కడుపు పుండు కంటే ముందుగా చింతించవలసింది ఆ పోగొట్టుకుంటున్న నెలల గురించే. మాత్ర పనిచేయడమే అక్కడ ప్రమాదం.

యూరిక్ యాసిడ్ పేరుకుని కీలు ఉబ్బే గౌట్‌లో నొప్పి తీవ్రంగా వచ్చిన కొన్ని రోజులకు ఈ మందులు బాగా ఉపయోగపడతాయి. కానీ యూరిక్ యాసిడ్‌ను తగ్గించే పని వీటిది కాదు. దానికి అల్లోప్యురినాల్ వంటివి వేరే ఉన్నాయి.

అందరికీ తెలిసిన మోకాళ్ల అరుగుదల, అంటే ఆస్టియో ఆర్థ్రైటిస్, మధ్యలో ఎక్కడో ఉంటుంది. మృదులాస్థి, దాని కింది ఎముక, కీలు లోపలి పొర, చుట్టూ ఉన్న కండరాలు అన్నీ ఈ జబ్బులో భాగస్వాములే. కొన్నాళ్లు కీలు ఉబ్బి వేడిగా ఉంటుంది, మరికొన్నాళ్లు బరువు మోసినప్పుడే నొప్పి ఉంటుంది. ఉబ్బిన రోజుల్లో మాత్ర తేడా చూపుతుంది, తక్కిన రోజుల్లో అంతగా చూపదు. భుజం, మోచేయి, మడమ దగ్గరి టెండన్లలో (కండరాన్ని ఎముకకు కలిపే పోగుల కట్టల్లో) నెలల తరబడి ఉండే నొప్పిది మరో తీరు: మొదట్లో ఏమున్నా, పాతబడ్డాక అక్కడ వాపు కంటే పోగుల నిర్మాణం చెడిపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి టెండన్‌కు క్రమంగా భారం పెంచుతూ చేసే వ్యాయామమే ప్రధాన చికిత్స.

రెండో కొసన ఫైబ్రోమయాల్జియా ఉంది. శరీరమంతటా కండరాల నొప్పి, నిద్రలేమి, అలసట కలిసి ఉండే ఈ స్థితిలో నొప్పి సంకేతాలను మెదడు, వెన్నుపాము పెద్దవిగా చేసి చూపుతున్నాయన్నది ప్రస్తుత అవగాహన. కణజాలంలో అణచవలసిన వాపు లేనప్పుడు వాపు తగ్గించే మందు చేయగలిగింది పెద్దగా లేదు. ఈ స్థితితో సహా, వేరే జబ్బేదీ కారణంగా చూపలేని దీర్ఘకాలిక నొప్పులకు ఎన్‌ఎస్‌ఏఐడీలు మొదలుపెట్టవద్దని బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో సూటిగానే చెప్పింది. అయినా ఈ రోగుల చేతిలో నొప్పి మాత్రలు కనబడటం అరుదేమీ కాదు. నొప్పి ఉందన్నది నిజం కావడం, ఈ మందు దానికి తగినది కావడం రెండు వేర్వేరు విషయాలు.

కండరాల నొప్పి అనుకునేదాంట్లో ఇంకా కొన్ని దాగి ఉండవచ్చు. కొలెస్ట్రాల్ కోసం వాడే స్టాటిన్లు, థైరాయిడ్ లోపం, విటమిన్ డి బాగా తగ్గిపోవడం వంటివి ఒళ్లు నొప్పులుగానే బయటపడతాయి. యాభై ఏళ్లు దాటినవారిలో ఉన్నట్టుండి రెండు భుజాలూ, తుంటి చుట్టూ కండరాలూ ఉదయం పూట బిగుసుకుపోతుంటే పాలీమయాల్జియా రుమాటికా అనే జబ్బు కావచ్చు. అది తక్కువ మోతాదు స్టెరాయిడ్‌కు చక్కగా లొంగుతుంది, నొప్పి మాత్రలకు అంతగా లొంగదు. దానితోపాటు కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, చూపులో తేడా వస్తే ఆ రోజే వైద్యుణ్ణి చూడాలి, ఎందుకంటే తల రక్తనాళాల వాపు కంటిచూపును తీసివేయగలదు.

మేలు ఎంత?

అరుగుదల నొప్పికి జరిగిన ప్రయోగాలన్నింటినీ కలిపి చూస్తే నోటి ద్వారా తీసుకునే ఎన్‌ఎస్‌ఏఐడీలు డమ్మీ మాత్ర (మందు లేని మాత్ర) కంటే మెరుగ్గా పనిచేస్తాయి, పారాసెటమాల్ కంటే కూడా మెరుగే. అయితే ఆ తేడా ఒక మోస్తరుది, అది కూడా మొదటి కొన్ని వారాల్లో ఎక్కువగా కనిపించి తర్వాత సన్నగిల్లుతుంది. సగటు అనే మాట వెనుక ఎవరికి బాగా పనిచేసింది, ఎవరికి అసలు పనిచేయలేదు అన్నది కనిపించదు. ఒక మందుకు లొంగని నొప్పి అదే కుటుంబంలోని మరో మందుకు లొంగడమూ ఉంది. అందువల్ల ముందుగా ఊహించి చెప్పడం కంటే వాడి చూసి కొలవడమే మేలు.

కొలవడంలోనే మోసం జరుగుతుంది. దీర్ఘకాలిక నొప్పికి ఎత్తుపల్లాలుంటాయి. మనిషి మాత్ర కోసం వెళ్లేది నొప్పి తారస్థాయిలో ఉన్న రోజున. ఆ తర్వాత అది తనంతట తాను కొంత దిగడం సహజం. ఆ దిగుదల పేరు మాత్రకు దక్కుతుంది. ప్రయోగాల్లో డమ్మీ మందు తీసుకున్నవారిలోనూ ఎంతోమంది గణనీయంగా కోలుకోవడానికి ఇదొక కారణం. కాబట్టి మొదలుపెట్టే ముందే ఒక కాగితం మీద నొప్పిని పదికి ఎంత అని రాసుకోవడంతోపాటు, మెట్లు ఎక్కగలగడం, ఎంతసేపు నడవగలగడం, రాత్రి నొప్పితో ఎన్నిసార్లు లేవడం వంటి పనుల లెక్క రాసుకుంటే, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత పోల్చి చూడటానికి ఆధారం ఉంటుంది. తేడా లేకపోతే ఆ మందు ఆ శరీరంలో హానిని మాత్రమే మోసుకొస్తోందని అర్థం.

మోతాదు పెంచితే మేలు పెరుగుతుందనే ఆలోచన కూడా ఇక్కడ కొంతవరకే చెల్లుతుంది. నొప్పి తగ్గించే శక్తికి ఒక పైకప్పు ఉంది. ఆ తర్వాత వేసుకునే ప్రతి మిల్లీగ్రాము నొప్పిని అంతగా తగ్గించకుండా ప్రమాదాన్ని మాత్రం పెంచుతూ పోతుంది.

కడుపు, గుండె, మూత్రపిండాలు

పాత తరం ఎన్‌ఎస్‌ఏఐడీలను క్రమం తప్పకుండా వాడేవారిలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికి పుండు నుంచి రక్తస్రావం, పుండు చిల్లు పడటం వంటి తీవ్రమైన సమస్య ఎదురవుతుందని పెద్ద ప్రయోగాలు చూపాయి. ఈ సగటు సంఖ్య అందరికీ సమానంగా వర్తించదు. 65 ఏళ్లు దాటినవారు, గతంలో పుండు లేదా రక్తస్రావం ఉన్నవారు, రక్తాన్ని పలుచన చేసే మందులో, స్టెరాయిడ్లో, గుండె కోసం తక్కువ మోతాదు ఆస్పిరినో వాడుతున్నవారు సగటుకు ఎంతో పైన ఉంటారు. ఈ కారణాలేవీ లేని ముప్పై ఏళ్ల మనిషి బాగా కింద ఉంటారు. పుండు చాలామందిలో కడుపునొప్పి వంటి హెచ్చరిక ఏదీ లేకుండానే రక్తస్రావంతో బయటపడుతుంది కాబట్టి, 'నాకు మంట లేదు' అన్నది భరోసా కాదు. ఒమెప్రజోల్ వంటి ఆమ్లాన్ని తగ్గించే మందును జోడిస్తే జీర్ణాశయం, దాని తర్వాతి తొలి పేగు వరకు మంచి రక్షణ లభిస్తుంది. మిగతా పేగుకు ఆ రక్షణ అందదు. గుండెకూ మూత్రపిండాలకూ దానితో సంబంధమే లేదు. గతంలో పుండు ఉన్నవారికి పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందేమో పరీక్ష చేసి, ఉంటే నిర్మూలించాకే దీర్ఘకాల వాడకం గురించి ఆలోచించడం మంచిది.

గుండె కథ ఇంకా మెలికలు తిరిగింది. 1990ల ఆరంభంలో కాక్స్ ఎంజైమ్‌లు రెండు రకాలున్నాయని తేలింది. జీర్ణాశయాన్ని కాపాడేది ప్రధానంగా మొదటిది, వాపు ఉన్నచోట ఎక్కువగా పుట్టేది రెండోది. రెండోదాన్ని మాత్రమే అడ్డుకునే మందు తయారుచేస్తే కడుపు క్షేమంగా ఉంటుందన్న ఆలోచన నుంచి సెలెకాక్సిబ్, రోఫెకాక్సిబ్ వచ్చాయి. రోఫెకాక్సిబ్ 1999లో వయాక్స్ పేరుతో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. రుమటాయిడ్ రోగులు దాదాపు 8,000 మందితో జరిగిన విగర్ ప్రయోగం 2000లో వెలువడినప్పుడు, నాప్రోక్సెన్‌తో పోలిస్తే దానివల్ల కడుపు సమస్యలు సగానికి తగ్గాయి గానీ గుండెపోట్లు కొన్ని రెట్లు ఎక్కువగా కనిపించాయి. నాప్రోక్సెన్ గుండెను కాపాడటం వల్లే ఆ తేడా వచ్చిందని అప్పట్లో వాదన నడిచింది. నాలుగేళ్ల తర్వాత డమ్మీ మాత్రతో పోల్చిన మరో ప్రయోగంలోనూ గుండెపోట్లు, పక్షవాతం పెరగడంతో ఆ వాదన నిలబడలేదు. 2004 సెప్టెంబర్ 30న మెర్క్ కంపెనీ ఆ మందును ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది.

ఆ ఘటనతో ప్రమాదం కొత్త మందులదేనని, పాతవి భద్రమని చాలామంది అనుకున్నారు. 600కు పైగా ప్రయోగాల సమాచారాన్ని కలిపి 2013లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణ ఈ నమ్మకాన్ని కూలదోసింది. ఎక్కువ మోతాదు డైక్లోఫెనాక్ ప్రమాదం కాక్సిబ్‌లతో సమానమని తేలింది: వెయ్యిమంది ఏడాదిపాటు వాడితే అదనంగా సుమారు ముగ్గురికి గుండెపోటో, పక్షవాతమో, అలాంటి మరో పెద్ద సమస్యో వస్తుంది, వారిలో ఒకరు మరణిస్తారు. ఎక్కువ మోతాదు ఇబుప్రొఫెన్‌తో గుండెపోట్లు పెరిగాయి. నాప్రోక్సెన్‌తో అలాంటి పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు, కానీ కడుపు విషయంలో దాని రికార్డు బాగాలేదు. గుండె బలహీనతతో ఆసుపత్రిలో చేరే ప్రమాదాన్ని మాత్రం అన్నీ సుమారు రెట్టింపు చేశాయి. అదే ఏడాది ఐరోపా ఔషధ సంస్థ గుండె వైఫల్యం ఉన్నవారికి, గతంలో గుండెపోటో పక్షవాతమో వచ్చినవారికి డైక్లోఫెనాక్ ఇవ్వకూడదని ప్రకటించింది. ప్రమాదం వాడకం తొలి వారాల్లోనే మొదలుకావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో హెచ్చరికను బలపరిచింది. ఇక 24 వేలమందికి పైగా రోగులతో జరిగి 2016లో వెలువడిన ప్రెసిషన్ ప్రయోగంలో ఒక మోస్తరు మోతాదు సెలెకాక్సిబ్ గుండె విషయంలో నాప్రోక్సెన్, ఇబుప్రొఫెన్‌ల కంటే అధ్వానంగా ఏమీ కనిపించలేదు, కడుపుకు వాటికంటే మేలే అయింది. అయితే మూడింట రెండొంతుల మందికి పైగా మధ్యలోనే మందు మానేసిన ప్రయోగం నుంచి మరీ గట్టి తీర్పు తీసుకోకూడదని విమర్శకులు అన్నారు; ఆ విమర్శ సరైనదేనని నాకూ అనిపిస్తుంది.

ఇన్ని సంఖ్యల మధ్య మరవకూడనిది ఒకటుంది. వెయ్యికి ముగ్గురు అన్నది, అప్పటికే కొంత గుండె ప్రమాదం ఉన్నవారి లెక్క. బీపీ, మధుమేహం, పొగతాగడం ఏవీ లేని యువకుడిలో అదే శాతం పెరుగుదల అతి చిన్న సంఖ్యగా తేలుతుంది. గత ఏడాదే స్టెంట్ వేయించుకున్న పెద్దాయనలో అది చాలా పెద్దదవుతుంది. ప్రమాదం మూడోవంతు పెరిగిందన్న వార్త చదివినప్పుడు, దేనిలో మూడోవంతు అన్నది అడగకుండా భయపడటానికీ ధైర్యపడటానికీ అర్థం లేదు.

మూత్రపిండాల విషయంలో జనంలో ఉన్న భయం సగం నిజం. ఆరోగ్యవంతుడికి, ఒంట్లో నీటిశాతం సరిగా ఉన్నప్పుడు, కొన్నిరోజుల మాత్రలతో కిడ్నీలు పాడవడం అరుదు, ఎందుకంటే ఆ స్థితిలో కిడ్నీల రక్తప్రవాహం ప్రోస్టాగ్లాండిన్ల మీద అంతగా ఆధారపడదు. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ, గుండె బలహీనత, కాలేయం చెడిపోవడం, వయసు మీదపడటం వంటి స్థితుల్లోనే వాటి అవసరం పడుతుంది. సరిగ్గా అప్పుడే మాత్ర ఆ ఆసరాను లాగేస్తుంది. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటివి ఒకవైపు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్ర మరొకవైపు ఉండగా వీటికి ఎన్‌ఎస్‌ఏఐడీ తోడైతే, ఆ మూడూ కలిసి మూత్రపిండాన్ని మూడు దిక్కుల నుంచి నొక్కుతాయి. మధ్యవయసు దాటి, బీపీ మాత్ర వేసుకుంటూ, మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఈ కలయిక ఎదురుకావడం ఎంత సులువో వేరే చెప్పనక్కరలేదు. కిడ్నీల పనితీరును చూపే జీఎఫ్ఆర్ సంఖ్య 60 కంటే తక్కువైతే దీర్ఘకాలం వాడకూడదని, 30 కంటే తక్కువైతే అసలు వాడకూడదని కిడ్నీ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఈ మందులు రక్తపోటును కూడా కొద్దిగా పెంచుతాయి. అదుపులో ఉన్న బీపీ కారణం తెలియకుండా పెరిగితే నొప్పి మాత్రను అనుమానించాలి.

కలయికలు, దాగి ఉన్న మోతాదులు

హానిలో కొంత భాగం మందుది కాదు, తెలియక కలపడంవల్ల వచ్చేది. నడుముకు ఒక వైద్యుడు రాసిన ఎసిక్లోఫెనాక్, పంటికి మరొకరు రాసిన ఇబుప్రొఫెన్, జలుబుకు తానే కొనుక్కున్న కలగలుపు మాత్ర, మూడూ ఒకే కుటుంబానివైనా పేర్లు వేరు కావడంతో రోగికి ఆ సంగతి తెలియదు. రెండు ఎన్‌ఎస్‌ఏఐడీలు ఒకేసారి వాడితే మేలు రెట్టింపు కాదు, రక్తస్రావం ప్రమాదం మాత్రం బాగా పెరుగుతుంది. గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారు అదనంగా ఇబుప్రొఫెన్ వేసుకుంటే, ఆస్పిరిన్ అతుక్కోవలసిన చోటును అది ముందే ఆక్రమించి దాని రక్షణను దెబ్బతీయవచ్చు. ఎప్పుడో ఒకసారి తప్పనిసరైతే ఆస్పిరిన్ వేసుకున్న కనీసం అరగంట తర్వాత గానీ, దానికి 8 గంటల ముందు గానీ వేసుకోవాలని ఎఫ్‌డీఏ సూచన. రక్తాన్ని పలుచన చేసే వార్ఫరిన్, మానసిక జబ్బులకు వాడే లిథియం, మెథోట్రెక్సేట్, కుంగుబాటుకు వాడే కొన్ని మందులు కూడా వీటితో కలిపేటప్పుడు జాగ్రత్త పడవలసినవే. రుమటాయిడ్ రోగులు మెథోట్రెక్సేట్‌తో పాటు నొప్పి మాత్ర వాడటం వైద్యుడి పర్యవేక్షణలో మామూలే. పర్యవేక్షణ, రక్తపరీక్షలు లేకుండా వాడటమే సమస్య. గర్భవతులు 20 వారాలు దాటాక వైద్యుడు చెబితే తప్ప వీటిని వాడకూడదు. ఆస్పిరిన్ పడితే ఆయాసం వచ్చే ఆస్తమా రోగులకు దాదాపు ఈ కుటుంబమంతా పడదు.

చర్మం మీదుగా ఒక దారి

మోకాలు, చేతివేళ్ల వంటి చర్మానికి దగ్గరగా ఉన్న కీళ్లకు పైపూత జెల్ రూపంలో డైక్లోఫెనాక్ వాడితే రక్తంలోకి చేరే మందు, నోటి మాత్రతో చేరేదానిలో సుమారు 6 శాతమే. అరుగుదల నొప్పికి జరిగిన ప్రయోగాల్లో కొన్ని వారాలపాటు ఇలాంటి పైపూత వాడినవారిలో పదిమందికి ఆరుగురికి మంచి ఉపశమనం కలిగింది, మందు లేని జెల్ రాసుకున్నవారిలో పదిమందికి అయిదుగురికి. ఈ తేడా చిన్నదని పెదవి విరిచేవారు ఉంటారు. కానీ దానికి ఎదురుగా పెట్టవలసిన ప్రమాదం కూడా అంతకంటే చిన్నది, చాలావరకు చర్మం మీద దురద, దద్దురు వరకే పరిమితం. మోకాలి అరుగుదలకు మాత్రకంటే ముందు జెల్‌ను ప్రయత్నించమని మార్గదర్శకాలు చెప్పడంలో ఉన్న తర్కం ఇదే, ఈ సలహాను జనం తేలిగ్గా తీసుకుంటున్నారని నా ఫిర్యాదు. అయితే ఒక్కసారి రాసి తీర్పు చెప్పకూడదు. రోజుకు చెప్పినన్నిసార్లు, చెప్పినంత పరిమాణంలో, రెండు మూడు వారాలు రాయాలి. తుంటి కీలు చాలా లోతున ఉంటుంది కాబట్టి అక్కడ జెల్ పనికిరాదు.

ఇది వద్దంటే మరేది?

ఎన్‌ఎస్‌ఏఐడీ ప్రమాదాన్ని 'ఏమీ వాడకపోవడం'తో పోల్చడం సగం లెక్కే, ఎందుకంటే నొప్పి భరించలేనివారు ఏదో ఒకటి వాడతారు. పారాసెటమాల్ కడుపుకు, గుండెకు అంతగా హాని చేయదు గానీ అరుగుదల నొప్పికి, నడుము నొప్పికి దాని శక్తి చాలా తక్కువ. ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ల (నల్లమందు తరహా నొప్పి మందుల) సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. దీర్ఘకాలిక నడుము, తుంటి, మోకాలి నొప్పులున్న 240 మందిని ఏడాదిపాటు గమనించి 2018లో వెలువరించిన ఒక అమెరికన్ ప్రయోగంలో, ఓపియాయిడ్లు వాడినవారి రోజువారీ పనితీరు ఇతర మందులు వాడినవారి కంటే మెరుగుపడలేదు, నొప్పి తీవ్రత విషయంలో వీరే కొంచెం వెనుకబడ్డారు, దుష్ప్రభావాలు ఎక్కువయ్యాయి. మాత్రకు భయపడి ఓపియాయిడ్‌కు మారడం చాలామందికి చిన్న ప్రమాదం నుంచి పెద్ద ప్రమాదంలోకి వెళ్లడమే. అరుగుదలకు, ఫైబ్రోమయాల్జియాకు కొందరిలో కుంగుబాటు మందైన డులోక్సెటిన్ పనిచేస్తుంది. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, అధిక బరువుంటే తగ్గించుకోవడం మోకాలి నొప్పికి నొప్పి మాత్రతో పోటీపడగల మేలు చేస్తాయి. వ్యాయామం మొదలుపెట్టలేనంత నొప్పి ఉన్నవారికి మొదటి కొన్ని వారాలు మాత్ర తోడుగా ఉండటం నాకు న్యాయంగానే కనిపిస్తుంది. వ్యాయామం లేకుండా మాత్రే నెలలపాటు సాగడం మాత్రం న్యాయంగా కనిపించదు.

వాపును అసలు అణచవచ్చా అన్న ప్రశ్న కూడా ఈ మధ్య తలెత్తింది. మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తదితరులు 2022లో ప్రచురించిన ఒక అధ్యయనం, కొత్తగా వచ్చిన నొప్పిలో తొలినాళ్ల వాపు స్పందనను అణచివేస్తే నొప్పి దీర్ఘకాలికంగా మారే అవకాశం పెరగవచ్చని ఎలుకల ప్రయోగాలతో, మనుషుల రికార్డులతో సూచించింది. ఆలోచించదగ్గ విషయమే. అయితే ఎక్కువ నొప్పి ఉన్నవారే ఎక్కువ మాత్రలు వేసుకుంటారు, వారికే నొప్పి పాతబడే అవకాశమూ ఎక్కువ. రికార్డుల నుంచి ఈ ముడిని పూర్తిగా విప్పడం కష్టం. అదీగాక ఆ అధ్యయనం కొత్త నొప్పి తొలి దశ గురించినది, ఏళ్లనాటి కీళ్ల నొప్పి గురించినది కాదు.

మళ్లీ అడగవలసిన ప్రశ్న

రోజూ వాడాలా, నొప్పి ఉన్నరోజే వాడాలా అన్నది జబ్బును బట్టి తేలుతుంది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ చురుగ్గా ఉన్నప్పుడు రోజూ వాడటంలో అర్థముంది. అరుగుదలకు, నొప్పి ముదిరిన రోజుల్లో తక్కువ మోతాదులో వాడి, తగ్గగానే ఆపడం ఎక్కువమందికి సరిపోతుంది. ఏదో కారణంవల్ల దీర్ఘకాలం తప్పదనుకున్నవారు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత కొన్ని వారాలకు, ఆపైన వైద్యుడు చెప్పిన వ్యవధిలో బీపీ, క్రియాటినైన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరు తగ్గిపోయేంత జ్వరం వచ్చిన రోజుల్లో మాత్ర ఆపాలి. మలం తారులా నల్లగా రావడం, రక్తపు వాంతి, ఛాతీలో నొప్పి, ఒకవైపు చేయి కాలు బలహీనపడటం, కాళ్లు ఉబ్బి మూత్రం తగ్గడం వీటిలో ఏది కనిపించినా మాత్ర మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నెలల తరబడి వాడుతున్నవారు వైద్యుడితో మాట్లాడి ఒకసారి ఆపి చూడటం అవసరం. నొప్పి మామూలుగా ఉన్న వారాన్ని ఎంచుకుని, మోతాదు సగానికి తగ్గించి, తర్వాత పూర్తిగా ఆపి, మొదట్లో రాసుకున్న లెక్కలతోనే మళ్లీ కొలవాలి. మొదటి ఒకటి రెండు రోజుల ఇబ్బందిని బట్టి తీర్పు చెప్పకుండా కనీసం రెండు వారాలు చూడాలి. మెట్లు, నడక, నిద్ర మునుపటిలాగే ఉంటే ఆ మందు పని ఎప్పుడో అయిపోయిందన్నమాట. స్పష్టంగా దిగజారితే, అది పనిచేస్తున్న మందేనని తెలిసింది కాబట్టి, పనిచేసే అతి తక్కువ మోతాదుతో, కడుపు రక్షణ అవసరమైనవారికి అది జోడించి, తదుపరి పరీక్ష తేదీ రాసుకుని మళ్లీ మొదలుపెట్టవచ్చు.